స్లొవేనియాలో ఆరు రాత్రులు, పెద్దవాళ్లతో: కారు తీసుకోవాలా, బస్సులు చాలా?

ప్రశ్న: కొల్లేటికొంగ

సెప్టెంబరు రెండో వారంలో హైదరాబాదు నుంచి బయలుదేరుతున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు, అమ్మ, నాన్న. వెనిస్‌లో మూడు రాత్రులు. తర్వాత శనివారం సాయంత్రానికి రాజధాని ల్యుబ్ల్యానా చేరి, స్లొవేనియాలో ఆరు రాత్రులు ఉండి, శుక్రవారం మళ్లీ వెనిస్ వెళ్లి విమానం ఎక్కాలి. బ్లెడ్ చెరువు, ఏదో ఒక గుహ, వీలుంటే సముద్రం వైపు కూడా చూడాలని ఉంది.

తేల్చుకోలేకపోతున్నవి ఇవి. వీసా ఇటలీకి పెట్టాలా, స్లొవేనియాకా? (ఏజెంటు ఇటలీకే పెట్టమంటున్నాడు.) కారు అవసరమా, బస్సులూ రైళ్లతో అయిపోతుందా? అమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. అమ్మానాన్నా ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. దేశం చిన్నదే కదా, ల్యుబ్ల్యానాలో ఒకే చోట దిగి రోజూ వెళ్లి వస్తే సరిపోతుందా?

జవాబు: పట్టాలబండి

ముందు వీసా సంగతి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మీకు స్లొవేనియాలో ఆరు, ఇటలీలో మూడు. కాబట్టి స్లొవేనియాకే. మొదట ఏ దేశంలో అడుగుపెడితే ఆ దేశానికి అన్న నియమం రాత్రులు సమానమైనప్పుడే వర్తిస్తుంది. ఏజెంట్లు అపాయింట్‌మెంటు ఎక్కడ దొరికితే అక్కడ పెట్టించి, హోటల్ బుకింగులు దానికి తగ్గట్టు మార్పిస్తారు. అదే పట్టుబడితే తిరస్కరణే. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. పరిశీలనకు మామూలుగా 15 రోజులు, అదనపు కాగితాలు అడిగితే 45 దాకా పోతుంది. కాబట్టి జూన్‌లోనే పని మొదలుపెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు, షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్) దేశాలన్నిటికీ వర్తించాలి. అమ్మానాన్నల పాలసీలో పాత జబ్బుల గురించి ఏం రాశారో విడిగా చదవండి. వీసాకు పనికొచ్చే పాలసీలన్నీ ఆస్పత్రిలో పనికిరావు.

వెనిస్‌లో దిగగానే ఫొటో తీసుకుంటారు, వీసాకు ఇచ్చిన వేలిముద్రలతో సరిచూడొచ్చు. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి అది. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఫొటో ఒక్కటే. క్యూ ఎక్కువ ఉంటుంది కనుక దిగిన గంటకే రైలో బస్సో బుక్ చేసుకోవద్దు.

షెంగెన్ లోపల సరిహద్దులు ఉండవని అందరూ చెబుతారు. ఇటలీ మాత్రం 2023 అక్టోబర్ నుంచి స్లొవేనియా సరిహద్దులో తనిఖీలు మళ్లీ పెట్టింది. అన్ని బస్సులూ ఆపరు, కొన్ని ఆపుతారు. పాస్‌పోర్టులు డిక్కీలోని పెట్టెల్లో కాకుండా చేతిసంచీలో ఉండాలి.

ఇక వెనిస్ నుంచి ల్యుబ్ల్యానా. ఐదుగురికి, పెట్టెలతో, అన్నిటికన్నా సుఖం నేరుగా వెళ్లే బస్సు. మెస్త్రే (వెనిస్‌కు నేల మీదున్న భాగం) నుంచి ఎక్కితే నాలుగు గంటలకు అటూ ఇటూ. వెనిస్ దీవిలో బస చేస్తే పెట్టెలు వంతెనల మీదుగా మోసుకెళ్లాలి కాబట్టి ఆ చివరి రాత్రి మెస్త్రేలో ఉంటే అమ్మగారికి మేలు. రెండో దారి సరిహద్దు దగ్గరి ఇటలీ ఊరు ట్రియెస్తే దాకా రైలు (సుమారు రెండు గంటలు), అక్కడి నుంచి బస్సు. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే డబ్బు ఎవరూ వాపసు ఇవ్వరు. మధ్యలో గంటన్నర వదలండి.

దేశం లోపల: స్లొవేనియాలో రైలు కంటే బస్సు వేగం, చాలా చోట్ల బస్సులే ఎక్కువ కూడా. పట్టాలు చాలావరకు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నాటివి, లోయల వెంట మెలికలు తిరుగుతూ పోతాయి. పేరు చూసి మోసపోయే స్టేషన్ ఒకటుంది. ల్యుబ్ల్యానా నుంచి నేరు రైళ్లు ఆగే లెస్త్సె-బ్లెడ్ స్టేషన్ చెరువుకు 4 కిలోమీటర్ల దూరం, అక్కడ దిగి మళ్లీ బస్సు ఎక్కాలి. బ్లెడ్ యెజెరో అనే ఇంకో స్టేషన్ చెరువు పడమటి ఒడ్డు పైన ఉంది, కానీ అది వేరే లైను, ల్యుబ్ల్యానా నుంచి నేరు రైలు ఉండదు. ల్యుబ్ల్యానా బస్టాండులో బస్సెక్కితే గంటా ఇరవై నిమిషాల్లో బ్లెడ్ ఊళ్లోనే దిగుతారు. బస్టాండూ రైల్వే స్టేషనూ పక్కపక్కనే.

బస్సులతో వచ్చే చిక్కు శని, ఆదివారాలు. సోమవారం గంటకొకటి ఉన్న బస్సు ఆదివారం నాలుగుకో ఐదుకో పడిపోతుంది, చిన్న ఊళ్లకైతే అసలే ఉండదు. టైంటేబుల్ చూసేటప్పుడు పైన తేదీ పెట్టి చూడండి, ఖాళీగా వదిలేస్తే ఆ రోజుదే చూపిస్తుంది.

మీ ఐదుగురికి నా లెక్క: శని, ఆదివారాలు ల్యుబ్ల్యానాలో కారు లేకుండా. సోమవారం పొద్దున అక్కడే కారు తీసుకుని గురువారం సాయంత్రం గానీ శుక్రవారం పొద్దున గానీ అక్కడే అప్పగించడం. ల్యుబ్ల్యానా నడిబొడ్డులో కారు తిరగనివ్వరు, పార్కింగుకు డబ్బు దండగ. నడవలేని పెద్దవాళ్లకు ఆ నడక ప్రాంతంలోనే కవలీర్ అనే చిన్న కరెంటు బండ్లు ఉచితంగా తిరుగుతాయి, చెయ్యెత్తితే ఆగుతాయి. కోటకు ఫ్యూనిక్యులర్ (కొండెక్కే చిన్న రైలుపెట్టె) ఉంది, మెట్లు అక్కర్లేదు. సిటీ బస్సులో డ్రైవరుకు చిల్లర ఇస్తే తీసుకోడు. ఉర్బానా అనే కార్డు కొని డబ్బు వేసుకోవచ్చు.

ఒకే చోట దిగి రోజూ వెళ్లి రావడం గురించి: కుదురుతుంది కానీ బ్లెడ్ అందమంతా పొద్దున ఎనిమిదికి ముందూ సాయంత్రం ఆరు తర్వాతా ఉంటుంది. పగలు టూరు బస్సుల జనం. మూడు రాత్రులు అటువైపే ఉండండి.

జవాబు: ఘాట్‌రోడ్డు

కారు భాగం నేను పూర్తి చేస్తాను.

లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది మన ఆర్టీఏ ఇవ్వాల్సిందే, యూరప్ వెళ్లాక దొరకదు. దరఖాస్తుకు పాస్‌పోర్టు, వీసా నకళ్లు అడుగుతారు కాబట్టి వీసా చేతికి రాగానే మొదటి పని ఇదే పెట్టుకోండి. చెల్లుబాటు ఏడాది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చెల్లదు, అసలు లైసెన్సు కార్డు కూడా ఉండాలి.

బుకింగులో జాగ్రత్తలు. అక్కడ మామూలు కార్లన్నీ గేర్లవే. మనకు రోడ్డు కుడివైపు నడపడమే కొత్త, కుడిచేత్తో గేరు మార్చడం ఇంకో కొత్త. ఆటోమేటిక్ అని విడిగా ఎంచుకోండి, ముందే బుక్ చేయండి, అప్పటికప్పుడు దొరకవు. గోల్ఫ్ లాంటి మధ్యరకం కారులో ఐదుగురు పడతారు గానీ ఐదు పెట్టెలు పట్టవు. వెనక పొడుగ్గా ఉండే ఎస్టేట్ కారో ఏడు సీట్లదో చూసుకోండి. డిపాజిట్ డ్రైవరు పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డు మీదే ఆపుతారు. డెబిట్ కార్డు, నాన్నగారి కార్డు చెల్లవు. ఎత్తు 150 సెంటీమీటర్ల లోపు పిల్లలకు పిల్లల సీటు తప్పనిసరి, మీ బాబుకు బూస్టర్ (ఎత్తు పెంచే పీట) చాలు. అద్దెకు తీసుకుంటే రోజుకింత అంటారు, కొన్ని చోట్ల సూపర్‌మార్కెట్లో కొత్తది కొనడమే చవక.

విన్యెట్. స్లొవేనియా హైవేల మీద టోల్ గేట్లు లేవు, దాని బదులు ఈ ముందస్తు చందా. 2022 నుంచి అద్దానికి అంటించే స్టిక్కర్ పోయి కారు నంబరుకు ముడిపెట్టిన ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది. ఏడు రోజులకు ఈమధ్య ధర 16 యూరోలు. లేకుండా ఎక్కితే జరిమానా 300 నుంచి 800 యూరోలు, కెమెరాలు నంబరు చదివేస్తాయి. ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు రకాలు. మొదటిది, నంబరులో సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టడం, లేదా కారు ఏ దేశంలో రిజిస్టరయిందో ఆ గడిలో తప్పు దేశం పెట్టడం. రెండోది, వెతికితే పైన వచ్చే ఏదో సైటులో కొనడం. అవి మధ్యవర్తులవి, అదనంగా గుంజుతాయి. అసలు సైటు హైవే సంస్థ డార్స్‌ది. మూడోది, మనం హైవే ఎక్కడం లేదు కదా అనుకోవడం. ల్యుబ్ల్యానా చుట్టూ ఉన్న రింగు రోడ్డు కూడా హైవే కిందే లెక్క. మీరు ల్యుబ్ల్యానాలోనే కారు తీసుకుంటే సాధారణంగా విన్యెట్ ఉంటుంది, తాళాలు తీసుకునేటప్పుడు అడిగి ఒప్పందం కాగితంలో చూసుకోండి. ఇటలీలో తీసుకున్న కారుకు ఉండదు. పైగా సరిహద్దు దాటే రుసుము కడతారు, ఇటలీలో తీసుకుని స్లొవేనియాలో వదిలితే ఆ బిల్లు అద్దె కంటే ఎక్కువే రావచ్చు.

ఆస్ట్రియా వైపు సరదాగా వెళ్లొద్దామనుకుంటే కారవాంకెన్ సొరంగానికి విడిగా టోలు, అవతల ఆస్ట్రియా విన్యెట్ ఇంకొకటి. మీ ఆరు రాత్రుల్లో అది అనవసరం.

నడిపేటప్పుడు పట్టపగలైనా హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండాలి. హైవేలో 130, ఊరి బయట 90, ఊళ్లో 50. ఊరి పేరు బోర్డు కనబడితే అక్కడి నుంచే 50, వేరే వేగం బోర్డు ఉండదు. మనవాళ్లకు ఎక్కువ ఫైన్లు పడేది అక్కడే. రౌండబౌట్‌లో లోపల తిరిగే బండికే దారి ఇవ్వాలి.

దూరాలు: ల్యుబ్ల్యానా నుంచి బ్లెడ్ 55 కిలోమీటర్లు, ముప్పావు గంట. బ్లెడ్ నుంచి బోహిన్ చెరువు 30 లోపే గానీ అటూ ఇటూ ఒక్కో లైనే ఉన్న రోడ్డు, 40 నిమిషాలు. ల్యుబ్ల్యానా నుంచి గుహ ఉన్న పొస్టోయ్నా 40 నిమిషాలు, సముద్రం ఒడ్డున ఉన్న పిరాన్ గంటన్నర.

జవాబు: తాళింపు

తిండి దగ్గర నేను.

శనివారం సాయంత్రం చేరుతున్నారు, మర్నాడు ఆదివారం. ఇది ముందే తెలియకపోతే పస్తులే. స్లొవేనియాలో చట్టప్రకారం ఆదివారాలూ పండగ రోజులూ దుకాణాలు మూత. మెర్కాటర్, స్పార్, హోఫర్, లిడ్ల్ అనే సూపర్‌మార్కెట్లు, మాల్స్ అన్నీ. తెరిచి ఉండేవి పెట్రోలు బంకుల్లో, స్టేషన్లలో, ఎయిర్‌పోర్టులో ఉండే చిన్న కొట్లు. హోటళ్లు, కాఫీ షాపులు తెరిచే ఉంటాయి. కాబట్టి శనివారం బస్సు దిగగానే గది తాళాలకంటే ముందు పెరుగు, పాలు, బియ్యం, కూరగాయలు కొనేయండి. శనివారం కూడా రాత్రి ఎనిమిది, తొమ్మిదికల్లా మూసేస్తారు. నది పక్కన కూరగాయల బజారు కూడా ఆదివారం ఉండదు.

వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి. అక్కడ పొయ్యిలు చాలావరకు ఇండక్షన్ లేదా గాజు పలక కింద వేడెక్కే కరెంటువి. ఇక్కడి అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద వేడెక్కదు. అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది. మూడు లీటర్ల ఇండక్షన్ అడుగు కుక్కరు ఒకటి పెట్టెలో పెట్టుకుంటే ఆరు రోజులూ బెంగ లేదు.

ఏం తీసుకెళ్లొచ్చు, ఏం కూడదు: యూరోపియన్ యూనియన్ బయట నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, పనీరు వద్దు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడికాయ వద్దు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తాజా కాయలూ ఆకులూ రానివ్వరు. మినహాయింపు ఉన్నవి అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్ మాత్రమే. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ, గోంగూర, ఎండు అటుకులు, కందిపప్పుకు ఇబ్బంది లేదు. ఆవకాయ సీసా మూతకు టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టి చెకిన్ సామానులోనే వేయండి, నూనె ఉంది కనుక చేతిసంచీలో ద్రవం కింద తీసేస్తారు.

సూపర్‌మార్కెట్లో దొరికేవి: బాస్మతి బియ్యం ఉంటుంది, కందిపప్పు ఉండదు, ఎర్ర కందుల్లాంటి మసూర్ పప్పు రెదేచా లేచా పేరుతో ఉంటుంది. పెరుగుకు నావాద్ని యోగుర్త్ తీసుకోండి. కిస్లో మ్లేకో అని డబ్బా ఉంటుంది, అది మన తోడు పెరుగుకు ఇంకా దగ్గర. పెరుగన్నానికి అదే బాగుంటుంది. పండ్లు కలిపిన యోగుర్తుల్లో జెలటిన్ ఉండొచ్చు, డబ్బా వెనక జెలాతినా అన్న మాట ఉంటే అది జంతువులదే.

హోటల్లో: బ్రెజ్ మేసా అంటే మాంసం లేకుండా. కానీ ఈ మాట ఒక్కటీ చాలదు. బ్రెజ్ యాయ్త్స్, గుడ్లు లేకుండా, అని కూడా చెప్పాలి. గుడ్డు ఎక్కడెక్కడ దాక్కుంటుందంటే, ష్ట్రుక్లీ అని పిండిలో జున్ను గానీ అక్రోట్లు గానీ చుట్టి ఉడికించే వంటకం శాకాహారమే అంటారు, లోపల గుడ్డు వేస్తారు. బ్లెడ్‌లో అందరూ తినే క్రెమ్ష్నితా కేకు మధ్య పొర గుడ్డు పచ్చసొనతో చేసిన కస్టర్డే, అమ్మానాన్నలకు కుదరదు. చిక్కుడు గింజల సూపు, యోతా అనే పులిసిన క్యాబేజీ సూపు పైకి శాకమే. వాటిలో పంది మాంసం ముక్కలో సాసేజో మామూలుగా పడుతుంది. బేకరీల్లో మాస్త్ అంటే పంది కొవ్వు. దారిలో ఆకలేస్తే బురెక్ దొరుకుతుంది, సిరోవ్ అంటే జున్నుది, మేస్ని అంటే మాంసానిది, మాంసం దాదాపు గొడ్డుదే. గొడ్డు మాంసం తినని మాంసాహారులు గోవేదీనా, తెలేతీనా (దూడ) అన్న రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. చెవాప్‌చిచి అనే కాల్చిన ఉండల్లో కూడా అదే ఉంటుంది. కోడి మాంసం పిష్చానెత్స్.

ల్యుబ్ల్యానాలో భారతీయ భోజనశాలలున్నాయి. బ్లెడ్ దాటి లోపలికి పోతే పిజ్జా (మార్గరీటా), సలాడు, వేయించిన బంగాళాదుంప, పుట్టగొడుగుల సూపు తోనే సర్దుకోవాలి. పుట్టగొడుగుల సూపు కూడా మాంసం రసంలో కాచారేమో అడగండి.

కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. సీసాలు కొనడం దండగ.

కొల్లేటికొంగ

ఇంత వివరంగా చెప్పినందుకు ముగ్గురికీ దండాలు. ఏజెంటుకు రేపే ఫోన్ చేస్తా. ఇక రెండు మిగిలాయి. గుహల్లో పొస్టోయ్నా మేలా, ష్కోత్స్యానా? యునెస్కో ముద్ర ఉన్నది ష్కోత్స్యానే కదా అని నాన్న దానికే మొగ్గు. బ్లెడ్‌లో టికెట్లు ముందే కొనాల్సినవి ఏమిటి?

జవాబు: పట్టాలబండి

మీ నాన్నగారి రుచి మంచిదే. మోకాళ్ల సంగతి వేరు.

ష్కోత్స్యాన్ 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. భూమి లోపల రేకా నది పారే లోయ, నది మీద 45 మీటర్ల ఎత్తున వంతెన. దాని ముందు పొస్టోయ్నా అలంకారం చేసిన మండపంలా ఉంటుంది. కానీ ష్కోత్స్యాన్‌లో మూడు కిలోమీటర్ల దాకా నడక, అయిదొందలకు పైచిలుకు మెట్లు, తడి నేల, మధ్యలో వెనక్కి తిరిగే వీల్లేదు. గుంపు వెంట ముందుకే పోవాలి. లోపల ఫొటోలు కూడా తీయనివ్వరు. అమ్మగారికి వద్దు.

పొస్టోయ్నాలో మొత్తం 5 కిలోమీటర్ల యాత్రలో 3.7 కిలోమీటర్లు చిన్న రైలులోనే, మిగతాది సిమెంటు దారి, మెట్లు లేవు. ఎత్తుపల్లాలు ఉంటాయి, చేతికర్రతో నడవొచ్చు. గంటన్నర పడుతుంది. ఏడాది పొడుగునా లోపల 10 డిగ్రీలే, రైలు కదిలినప్పుడు గాలికి ఇంకా చలి. బయట ఎండ చూసి చీరకట్టుతోనూ లాల్చీతోనూ వెళ్తే వణుకే. స్వెటరు, చెవులకు టోపీ, బూట్లు. టికెట్టు టైం స్లాటుతో ఆన్‌లైన్‌లో కొనాలి, పెద్దలకు 30 యూరోల చుట్టుపక్కల. స్లాటుకు అరగంట ముందు అక్కడుండండి, పార్కింగ్ నుంచి గుహ ద్వారం దాకా నడక ఉంది. టికెట్ మీద ఉన్నది రైలు కదిలే సమయం. గుహలో దొరికే పాలిపోయిన, కళ్లు లేని ప్రొటియస్ అనే జీవిని బాబు కోసం గాజు తొట్టెలో చూపిస్తారు, ఫ్లాష్ వేయకూడదు. 9 కిలోమీటర్ల దూరంలో కొండ గుహలో కట్టిన ప్రెద్యామా కోట ఉంది. లోపల మెట్లే మెట్లు. అమ్మగారు బయట నుంచి చూస్తే చాలు, చూడాల్సిన దృశ్యం అదే.

నాన్నగారికి ష్కోత్స్యాన్ చూపించాలనే ఉంటే, గురువారం అమ్మగారిని పిరాన్‌లో కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్లి రావచ్చు. ఒకే రోజు రెండు గుహలు మాత్రం వద్దు.

బ్లెడ్: దీవికి ప్లెత్నా అనే చదునైన పడవలు, పడవవాడు నిలబడి తెడ్డు వేస్తాడు. ఇవి నిండితే గానీ కదలవు, టికెట్టు పడవ దగ్గరే, నగదు ఉంచుకోండి. మనిషికి 20 యూరోల దరిదాపు. దీవి మీద అరగంట, నలభై నిమిషాలు ఆపుతారు. దిగగానే 99 మెట్లు. అమ్మగారు రేవు దగ్గరే ఉండి దీవి అంచున నడవొచ్చు. చర్చి లోపలికి టికెట్ వేరు, పడవ డబ్బులో కలవదు. చెరువు చుట్టూ 6 కిలోమీటర్లు చదునైన బాట.

వింత్గర్ లోయకు టికెట్ ముందే, టైంతో సహా. ఇప్పుడు ఒకే దిశలో నడవాలి. లోయలో 1.6 కిలోమీటర్లు చెక్క బాట మీద హాయిగా ఉంటుంది, తిరుగు దారి మాత్రం అడవిలో ఎక్కుడు. పాత బ్లాగులు చూసి అదే బాటన వెనక్కి రావచ్చని వెళ్లినవాళ్లు ఇబ్బందిపడతారు. అమ్మగారు లేకుండా వెళ్లండి.

జవాబు: ఘాట్‌రోడ్డు

పట్టాలబండి గారితో ఒక్క చోట విభేదిస్తాను. మూడు రాత్రులు బ్లెడ్‌లో కాదు, బోహిన్‌లో ఉండండి. బ్లెడ్ నుంచి అరగంట పైన, చెరువు అంతకు రెండింతలు పెద్దది, జనం సగం, అద్దెలు తక్కువ. అమ్మగారికి అసలైన కొండ దృశ్యం దొరికేది అక్కడే. వోగెల్ కేబుల్ కారు 569 మీటర్ల నుంచి 1,535కి కొద్ది నిమిషాల్లో ఎక్కిస్తుంది, దిగిన చోటే బల్లలు, ఎదురుగా దేశంలోకెల్లా ఎత్తయిన త్రిగ్లావ్ కొండ, దాని వరుస. పొద్దున మేఘం పైన కమ్మితే ఏమీ కనబడదు. అక్కడి కెమెరా దృశ్యం వాళ్ల సైటులో చూసి టికెట్ కొనండి. సావిత్సా జలపాతానికి అయిదొందలకు పైనే మెట్లు, అది నాన్నగారూ బాబూ చూసుకుంటారు. బోహిన్ దేశంలో వాన బాగా పడే చోటు. మూడు రోజుల్లో ఒకటి వానకు వదిలేయండి, ఆ రోజు బ్లెడ్ కోటకో ల్యుబ్ల్యానా మ్యూజియానికో పనికొస్తుంది.

పార్కింగ్ విషయం కూడా. రెండు చెరువుల దగ్గరా రోడ్డు పక్కన గడ్డి మీద ఆపితే ఫైను. గంటల లెక్కన మీటరుకు నాణేలు, కొన్ని యంత్రాలు కార్డు తీసుకోవు. యాభై సెంట్ల, ఒక యూరో నాణేలు ఒక డబ్బాలో వేసి కారులో ఉంచండి.

వర్షిచ్ కనుమ గురించి ఎవరైనా ఊరిస్తే: 1,611 మీటర్ల ఎత్తు, మొత్తం 50 మలుపులు, క్రాన్స్కా గోరా ఊరి వైపు మలుపుల్లో రాళ్లు పరిచి ఉంటాయి, తడిస్తే జారతాయి. సెప్టెంబరులో తెరిచే ఉంటుంది, రోడ్డు గొప్పగా ఉంటుంది. కుడివైపు డ్రైవింగుకు మూడో రోజే, వెనక సీట్లో ముగ్గురితో, ఇది పెట్టుకోవద్దు. సోచా నది ఆకుపచ్చ నీళ్లు చూడాలంటే వేరే ఉపాయం ఉంది. బోహిన్‌స్కా బిస్త్రిత్సా స్టేషన్లో కారును రైలు మీద ఎక్కిస్తారు, మీరు కారులోనే కూర్చుంటారు, 6.3 కిలోమీటర్ల సొరంగం దాటి కొండ అవతల దింపుతారు. సోచా ఒడ్డున ఉన్న మోస్త్ నా సోచి ఊరి దాకా పోవచ్చు. రోజుకు కొన్ని బండ్లే ఉంటాయి, ముందురోజు టైం చూసుకుని పది, పదిహేను నిమిషాల ముందు వరుసలో నిలబడాలి. టికెట్ రైల్లోనే.

జవాబు: పట్టాలబండి

బోహిన్ వాదన ఒప్పుకుంటాను, కారు ఉంది కాబట్టి. కారు లేకపోతే మాత్రం బ్లెడ్‌లోనే ఉండాలి. బోహిన్‌కు ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే చూసుకోవాల్సి వస్తుంది.

ఆ సొరంగం లైను 1906లో వేసింది. దాని మీదే సోల్కాన్ దగ్గర 85 మీటర్ల రాతి కమాను వంతెన ఉంది, రాతి కమాను రైలు వంతెనల్లో ప్రపంచంలో అంతకన్నా పెద్దది లేదు. రైళ్లంటే ఇష్టమున్న బాబైతే, వెనిస్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఈ లైను మీద సరిహద్దు ఊరు నోవా గోరిత్సా వెళ్లి, సరిహద్దు దాటి గోరిత్సియా స్టేషన్‌లో ఇటలీ రైలు పట్టుకోవచ్చు. రెండు స్టేషన్ల మధ్య రెండు మూడు కిలోమీటర్లు, టాక్సీయో సిటీ బస్సో ఎక్కాలి. పెట్టెలతో ఐదుగురు, ఆ రోజే విమానం అయితే వద్దు. మరమ్మతులు ఉన్నప్పుడు ఈ లైనులో రైలు బదులు బస్సు వేస్తారు, సొరంగమూ వంతెనా రెండూ పోతాయి.

కొల్లేటికొంగ

బోహిన్ ఖాయం. శుక్రవారం విమానం రాత్రి తొమ్మిదిన్నరకు. గురువారం పిరాన్‌లో ఉండి శుక్రవారం అక్కడి నుంచే వెనిస్ వెళ్లలేమా?

జవాబు: ఘాట్‌రోడ్డు

కారు ల్యుబ్ల్యానాలో అప్పగించాలి కదా, పిరాన్ నుంచి వెనక్కి గంటన్నర, అక్కడి నుంచి మళ్లీ పిరాన్ వైపు దారిలోనే వెనిస్ బస్సు. తిరిగిన దారే తిరగడం. పిరాన్ దగ్గరి రేవు పట్నం కోపర్‌లో కారు అప్పగించే శాఖ ఉన్న కంపెనీ చూసుకుంటే కలిసొస్తుంది. దేశం లోపలే వేరే ఊళ్లో వదిలితే రుసుము ఉంటుంది గానీ విదేశంలో వదిలినంత కాదు. కోపర్ నుంచి ట్రియెస్తేకు బస్సు గంటలోపే, అక్కడి నుంచి మెస్త్రేకు రైలు. మెస్త్రే నుంచి ఎయిర్‌పోర్టుకు బస్సు 20, 25 నిమిషాలు. తొమ్మిదిన్నర విమానానికి ఆరున్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి, వెళ్లేటప్పుడు కూడా ఆ ఎంట్రీ-ఎగ్జిట్ క్యూ ఉంటుంది. అంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా కోపర్ వదలాలి. ఇటలీలో రైల్వే సమ్మెలు శుక్రవారాలే ఎక్కువ పెడతారు. తేదీలు ముందే ప్రకటిస్తారు, వారం ముందు చూసుకోండి. సమ్మె ఉంటే ఆ రోజుకు బస్సు టికెట్టే కొనండి.

పిరాన్ పాత ఊళ్లోకి కారు పోనివ్వరు. ఊరి బయట ఫొర్నాచే గరాజులో పెట్టి అక్కడి నుంచి ఉచిత బస్సులో వెళ్లాలి. బస ఊరి లోపలైతే సామాను దించుకోవడానికి కాసేపు అనుమతి ఉంటుందేమో ఇంటాయన్ను ముందే అడగండి, లేదంటే పెట్టెలన్నీ ఆ బస్సులోనే.

జవాబు: తాళింపు

గురువారం సాయంత్రం కోపర్‌లోనే సూపర్‌మార్కెట్ చూసుకుని పిరాన్ వెళ్లండి. పిరాన్ లోపలివి చిన్న కొట్లు, త్వరగా మూస్తారు. శుక్రవారం రైలులోకి పులిహోర కలుపుకుంటే అమ్మానాన్నలకు వెనిస్ ఎయిర్‌పోర్టులో వెతుక్కోనక్కర్లేదు. చింతపండు పేస్టు చిన్న డబ్బా చెకిన్‌లో వేసుకెళ్లండి, అక్కడి నిమ్మకాయతో కూడా బాగానే కుదురుతుంది.